రెండో భాగం కోసం నిజాంపేట దాకా

రష్యా దేశంలో కూడా అత్తగార్లు ఉంటారన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది యశోద. అప్పుడు మేమిద్దరం బోరబండలో పక్కపక్క వాటాల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా వారిది సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, వాళ్ళాయనది బడిపంతులు ఉద్యోగం. ఒక జీతాల రోజున ఫ్యాక్టరీ గేటు దగ్గర పుస్తకాల వ్యాను ఆగితే, యశోద రష్యాలోనే తెలుగులోకి మార్చి అచ్చువేసిన రెండు లావుపాటి పుస్తకాలు చంకన పెట్టుకుని మా వంటింట్లోకి వచ్చేసింది.

"అక్కా, ఇది సదువు. గా దేశంల గూడ అత్తలున్నరు. మనోళ్ళ లెక్కనే పొయ్యి కాడ కూసోని తిడ్తరు," అంది.

"దేవుడు లేడనే వాళ్ళట కదమ్మా, ఆ పుస్తకాలు మనకెందుకు?" అన్నాను.

"సర్కారు లేడంటది గావచ్చు. గా ముసలమ్మ మూలకు పటం పెట్టి దీపం ముట్టిస్తనే ఉంది. నువ్వే సూడు."

చూశాను. నిజంగానే ఆ కథలో గదికి ఒక మూల దేవుడి పటం, దాని ముందు చిన్న దీపం ఉన్నాయి. ఆ దీపం వెలుగులోనే నేను ఆ దేశంలోకి అడుగుపెట్టాను.

నేను బడి మొహం ఎరగను. మా నాన్నగారు పూజ ముగించుకుని, పీట మీద ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఆడపిల్లకి పురాణం చదవడం వస్తే చాలునని ఆయన ఉద్దేశం. అందుకని నాకు చదవడమంటే పారాయణమే. స్నానం చేయాలి, దీపం పెట్టాలి, కొత్త పుస్తకమైతే మొదటి పేజీకి తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి, మొదలుపెట్టింది మధ్యలో ఆపకూడదు. రష్యా పుస్తకాలకూ అదే చేశాను. యశోద చూసి పడీపడీ నవ్వింది గాని వద్దనలేదు.

ఏది ముందు చదవాలో, ఏది తర్వాత చదవాలో ఆమే చెప్పేది. మేము తెనాలి వచ్చేశాక కార్డు మీద రాసేది. "అక్కా, గుర్రాల కథ ముందు సదువు. డాక్టరమ్మ కథ తర్వాత. జైలు కథ ఇప్పుడే వద్దు, నువ్వు ఏడుస్తవు." రాష్ట్రంలో రెండుసార్లు గొడవలు జరిగి, ఇక్కడి వాళ్ళు అక్కడి వాళ్ళని, అక్కడి వాళ్ళు ఇక్కడి వాళ్ళని తిట్టుకున్న రోజుల్లో కూడా ఆ కార్డులు ఆగలేదు. ఆ దేశంలో ఒక్కొక్కరికి మూడేసి పేర్లుంటాయి. నేను చీటీల మీద రాసుకుని దేవుడి గూట్లో పెట్టుకునేదాన్ని. వాళ్ళు సమోవార్‌లో టీ కాస్తారంటే, మా పెరట్లో స్నానానికి నీళ్ళు కాచే రాగి బాయిలర్‌లాంటిది అనుకుని, ఇంత శుభ్రత లేని వాళ్ళేమిటా అని చాలా రోజులు నొచ్చుకున్నాను.

ఇక ఈ ప్రయాణం ఎందుకు చేయాల్సి వచ్చిందో చెబుతాను.

డెబ్భై మూడు చివర్లో మా అత్తయ్య పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. చూపు అంతకు ముందే పోయింది. మంచం మీద పడుకుని రోజంతా గోడతో మాట్లాడుతుంటే చూడలేక, మధ్యాహ్నాలు చదివి వినిపించడం మొదలుపెట్టాను. పురాణాలన్నీ ఆవిడకి నోటికి వచ్చు, నేనొక మాట తప్పితే దిద్దుతారు. అందుకని ఆవిడకి తెలియని కథ కావాలని, యశోద అన్నిటికంటే మంచిదని, ఆఖరున చదవమని బోరబండలోనే ఇస్తే దేవుడి గూట్లో దాచుకున్న పుస్తకం తీశాను. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెళ్ళి చివరి పేజీ చూసేస్తారు.

కథ చెప్పాలంటే, ఒక పెద్ద ఏటి ఒడ్డున ఊరు. మార్ఫా అనే ముసలమ్మ, దార్యా అనే కోడలు. కొడుకు స్తెపాన్ యుద్ధానికి పోయాడు. నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర పోట్లాడుకుంటూ అతనికోసం ఎదురుచూస్తారు. మా అత్తయ్య మొదటి రోజు నుంచీ మార్ఫా పక్షమే. "ఆ దార్యాకి రొట్టె పిండి కలపడం రాదు, ఆవిడ తిట్టదూ మరి?" అనేవారు, నా వైపు మొహం తిప్పి. మొదటి భాగం చివర స్తెపాన్ బతికే వస్తాడు. అవతలి ఒడ్డున నిలబడతాడు. చలికాలం వెళ్ళిపోతోంది, ఏటి మీద గడ్డకట్టిన మంచు పగులుతోంది. ముసలమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. అతను మంచు మీద కాలు మోపుతాడు. అంతే, మొదటి భాగం సమాప్తం.

రెండో భాగం నా దగ్గర లేదు.

"ఏమే సుభద్రా, ఏటి మీద నడవడమేమిటి?" అన్నారు అత్తయ్య. మా వారు సోడాల దుకాణం నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు గడ్డ తెచ్చి పళ్ళెంలో పెట్టారు. అత్తయ్య దాని మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి ఎర్రబడేదాకా తియ్యలేదు. "దీని మీద నడిచి వస్తున్నాడా నా తండ్రి!" అన్నారు. ఆ పూట నుంచి అన్నం సగానికి సగం తగ్గించేశారు. డాక్టరు గుండె బలహీనంగా ఉందని, ఎన్నాళ్ళో చెప్పలేమని గుమ్మం బయట మా వారితో అన్న మాట ఆవిడ విననే విన్నారు. "నాకు పోవడానికి భయం లేదు. వాడు ఏరు దాటాడో లేదో తెలియకుండా మాత్రం పోలేను," అన్నారు.

విజయవాడలో అడిగించాం, ఆ పుస్తకం అయిపోయిందన్నారు. రెండో భాగం పంపమని యశోదకి రెండు కార్డులు రాశాను, జవాబు లేదు. వాళ్ళాయనకి నానక్‌రామ్‌గూడ బడికి బదిలీ అయిందని తెలుసు. ఇక అత్తయ్యే తేల్చేశారు. "నువ్వే వెళ్ళు. మా అమ్మాయిని పిలిపిస్తే నన్ను చూసుకుంటుంది. కానీ ఒక్కటి. పుస్తకం దొరికినా నువ్వు తెరవకూడదు, ఎవరినీ అడగకూడదు. నాకంటే ముందు నీకు తెలిసిందంటే నీ గొంతులో నాకు తెలిసిపోతుంది."

చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను.

డెబ్భై నాలుగు ఫాల్గుణం, మంగళవారం. తెనాలిలో పొద్దున్న ఆరుంబావుకి రైలెక్కి, విజయవాడలో మారాను. పులిహోర పొట్లం, మరచెంబు, ఒక సంచీ. ఆడవాళ్ళ పెట్టెలో ఎదురుగా కూర్చున్న ఆవిడ వరంగల్లు వెళ్తోంది.

"పెళ్ళికాండి?" అని అడిగింది.

"పుస్తకానికండి."

"ప్రెస్సు పెట్టారా?"

"కాదండి, చదవడానికి ఒక పుస్తకం తెచ్చుకోవాలి."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మీ వారు చాలా మంచివారండి," అని మాత్రం అంది. ఆ మాట నిజమే గనక ఒప్పుకున్నాను.

సాయంత్రం అయిదున్నరకి సికింద్రాబాదు. ఆ రాత్రి మా పిన్నిగారింట్లో పడుకుని, బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి లింగంపల్లి వైపు వెళ్ళే బండి ఎక్కాను. వెళ్ళదలచిన వాళ్ళు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోకండి, ఎండ మొహాన కొడుతుంది. సనత్‌నగర్ దాటాక మేమున్న బోరబండ ఇళ్ళు కనిపించాయి. మా వాటా ముందు ఎవరివో చీరలు ఆరేసి ఉన్నాయి. లోపల ఎవరున్నా చల్లగా ఉండాలని అనుకున్నాను. హఫీజ్‌పేట దగ్గర నుంచి అంతా బండరాళ్ళు. ఒకదాని మీద ఒకటి, ఎవరో పిల్లలు ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టు ఉంటాయి. వాటి మధ్య సీతాఫలం పొదలు, అక్కడక్కడా మేకలు.

లింగంపల్లిలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడకి బస్సు లేదు. స్టేషను బయట ఖాళీ ఎడ్లబండి ఒకటి కనిపించింది. బండాయన పెద్దమనిషి, తలకి ఎర్ర రుమాలు.

"ఏడికి పోవాలె తల్లీ?"

"నానక్‌రామ్‌గూడ అండి. పంతులుగారింటికి."

"గచ్చిబౌలి దాక దింపుత. ఆడికెళ్ళి గా రాళ్ళ పక్కపొంటి నడిస్తె రంగనాయకస్వామి గుడి అగుపడ్తది. గుడి కాడ అడిగితె పంతులిల్లు చెప్తరు. ఆంధ్రనా మీది?"

"అవునండి," అన్నాను, కాస్త భయంగానే.

"గట్ల బెదురుతవేంది తల్లీ? మా పెద్దకోడలు గూడ గుంటూరే. కారం ఎక్కువేస్తది, గంతే," అని నవ్వి, గడ్డి సర్ది చోటిచ్చాడు. దింపాక డబ్బులిస్తే తీసుకోలేదు. ఆయన ఎడ్లకి మేలు జరగాలని గుళ్ళో మొక్కుకున్నాను. ఆ గుడి పాతది, గొప్పది. స్వామి నిండుగా శయనించి ఉన్నాడు. నేను వచ్చిన పని చిన్నదే గనక మాట తప్పకుండా చూడమని మాత్రం అడిగాను.

పదకొండింటికి యశోద ఇంటి ముందు నిలబడ్డాను. రోలు కడుగుతున్నదల్లా తలెత్తి చూసి, చేతిలో చెంబు వదిలేసింది.

"ఏందక్కా, చెప్పకుండ చెయ్యకుండ వస్తివి! ఉత్తరం రాయొద్దా?"

"రెండు రాశానమ్మా."

"ఇంగ పోస్టాయనకు మా ఊరంటె ఎప్పుడు యాదికొస్తదో!" అని, నన్ను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, జొన్నరొట్టె మీద పుంటికూర వేసి పెట్టింది. "మీ గోంగూరనే, భయపడకు."

తింటూ తింటూ అంతా చెప్పాను. ఐసు గడ్డ సంగతి వినగానే యశోద కళ్ళు తుడుచుకుంది. వెంటనే నాలుక కరుచుకుంది.

"అక్కా, రెండో భాగం నా తాన లేదు."

రొట్టె ముక్క నా చేతిలోనే ఆగిపోయింది.

"పోలేదు, ఉన్నది. మా చిన్నాయన బిడ్డ బాలమణి తీసుకపోయింది. నిజాంపేటల అంగూర్ తోటల పని చేస్తది. ఏడో తరగతి దాక సదివింది. రేపు పొద్దుగాల పోదాం. ఫికర్ చెయ్యకు." తర్వాత నా మొహంలోకి తేరిపార చూసి, "నన్ను ఒక్క మాట గూడ అడగవా? నేను సదివిన గదా," అంది.

"అడగను. నువ్వు కూడా నవ్వకు, ఏడవకు," అన్నాను. పాపం, ఆ సాయంత్రమంతా యశోద రాతిబొమ్మ మొహం పెట్టుకుని తిరిగింది. ఆ మొహం చూసి నాకే నవ్వాగలేదు.

గురువారం పొద్దున్న అయిదున్నరకి నడక మొదలుపెట్టి, లింగంపల్లి దాటి, పటాన్‌చెరు నుంచి వచ్చే బస్సు పట్టుకుని నిజాంపేట అడ్డదారి దగ్గర దిగాం. అక్కడి నుంచి రెండు మైళ్ళు కాలినడక. ఎనిమిదిన్నరకి తోట చేరాం. నేను ద్రాక్ష తోట చూడడం అదే మొదలు. నెత్తికి కాస్త పైన, కనుచూపు మేర ఆకుల పందిరి. దాని కిందంతా పచ్చని నీడ. ఆ నీడలోకి జానెడు జానెడు గుత్తులు వేలాడుతున్నాయి. దేవుడు ఇంత తీపిని ఇలాంటి రాళ్ళ నేలలో దాచిపెట్టాడు కదా అనుకున్నాను.

బాలమణి కాక, కత్తెరలు పట్టుకుని ఇంకో పన్నెండు మంది ఆడవాళ్ళు. బాలమణి పాతికేళ్ళ పిల్ల, సన్నగా, కంచు గంటలాంటి గొంతు. పుస్తకం ఆమె చద్దిమూటలోనే ఉంది, పాత గుడ్డలో చుట్టి. చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. యశోద సంగతంతా చెప్పింది. బాలమణి పుస్తకాన్ని గుండెకి అదుముకుంది.

"ఎట్లిస్తనక్కా? రోజు బువ్వ తిన్నంక వీళ్ళందరికి సదివి ఇనిపిస్తున్న. ఇంగ తొంభై పేజీలున్నయి."

"మా సంగతేంది మరి?" అంది ఎల్లమ్మ అనే పెద్దామె, కత్తెర నడుముకి ఆనించి. "మూడు నెల్ల సంది ఇంటున్నం. అంగూర్ కోత ఈ వారంతోని అయిపోతది, తలొక దిక్కు పోతం. నడిమిట్ల ఆపుతరా ఎవరన్న?"

మొదలుపెట్టిన పారాయణం మధ్యలో ఆపకూడదని చిన్నప్పటి నుంచీ నమ్మిన దాన్ని. తెనాలిలో ఒక ముసలావిడ సగం అన్నం తింటూ ఎదురుచూస్తోంది. ఇక్కడ పన్నెండు మంది సగం కథలో నిలబడి ఉన్నారు. పుస్తకం ఒక్కటే. మర్నాడు పొద్దున్న నా రైలు.

"రోజూ ఎన్ని పేజీలవుతాయమ్మా?" అని అడిగాను.

"ఎన్నయితయక్కా? బువ్వ యాళ్ళకు అయిదో ఆరో. మళ్ళ నా వరుస నాకుంటది గదా."

ఆ తోటలో పని పద్ధతి అది. ఒక్కొక్కరికీ ఒక్కో వరుస. పొద్దుగూకేలోపు ఎవరి వరుస వాళ్ళు కోసి బుట్టలు నింపాలి. చదివే మనిషి కూడా కోసే మనిషే గనక కథ ముందుకు సాగడం లేదు.

"నీ వరుస నేను కోస్తాను. నువ్వు పొద్దుటి నుంచీ చదువు. వీళ్ళు కోస్తూ వింటారు," అన్నాను.

ఎల్లమ్మ పెద్దగా నవ్వేసింది. "నువ్వా? గా తెల్ల చేతులతోనా? కత్తెర వట్టినవా ఎన్నడన్న?"

"కూర తరిగానమ్మా ముప్పై ఏళ్ళు."

మేస్త్రీ మల్లయ్య దగ్గరికి వెళ్ళాం. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "సదువులు గిదువులు నాకెరుక లేదు. సాయంత్రం లారీ వస్తది. వరుస ఆగొద్దు, పండు నలగొద్దు. గంతే," అన్నాడు.

ఎల్లమ్మే నాకు పని నేర్పింది. గుత్తిని తొడిమ దగ్గర పట్టుకోవాలి. పండుని తాకకూడదు. పండు మీద తెల్లటి పొడి ఉంటుంది, వేలు తగిలితే అది చెరిగిపోతుంది, చెరిగితే బజారులో పాత సరుకంటారు. నాకది వెంటనే అర్థమైంది, దేవుడికి పువ్వు కోసేటప్పుడు మేమూ రేకు తాకం.

ఇక నా మాట సంగతి. నేను వింటే చెడుతుంది. వాళ్ళు ఆ ఏటి సంగతి ఉన్న పేజీలు ఎప్పుడో దాటేశారు, ఒక్క వాక్యంలో స్తెపాన్ పేరు వినబడినా నాకు తెలిసిపోతుంది. అందుకని బాలమణి వరుసని చివరి వైపు నుంచి, బావి దగ్గర నుంచి మొదలుపెట్టాను. అక్కడ నీళ్ళ ఇంజను రోజంతా కొట్టుకుంటూ ఉంటుంది. అది చాలదన్నట్టు, దీపం ఒత్తుల కోసం సంచీలో ఉన్న దూది చెవుల్లో పెట్టుకున్నాను. యశోద నా పక్కన బుట్ట పట్టుకుంది. అవతలి చివర బాలమణి బుట్ట బోర్లించి, దాని మీద కూర్చుని, పుస్తకం విప్పింది.

తొమ్మిదింబావు నుంచి మొదలు. ఎత్తిన చేతులు దించకుండా కోయాలి. పది గుత్తులకే మెడ పట్టేసింది. ఆకుల సందుల్లోంచి దూరంగా వాళ్ళ రంగు రంగుల కొంగులు మాత్రం కనిపిస్తున్నాయి. మాట వినబడదు. బాలమణి పెదవులు కదులుతుంటాయి, కత్తెరలు కదులుతుంటాయి. పదింటికి అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎందుకు నవ్వారో! ఎల్లమ్మ మార్ఫాలాగా నడుం వంచి ఎవరినో వేలెత్తి తిడుతున్నట్టు నటించింది. అయితే మార్ఫా బతికే ఉందన్నమాట అనుకుని, ఇది తెలిసినట్టా కాదా అని కంగారుపడి, కళ్ళు గుత్తుల మీదికి తిప్పేసుకున్నాను.

మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాం. వాళ్ళు జొన్నరొట్టె పెట్టారు, నేను తెల్లవారుజామున యశోద ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర పంచాను. ఎల్లమ్మ ఊరుకుంటుందా?

"చెప్పనా అక్కా? గాడు ఏరు..."

"వద్దమ్మా, వద్దు!" అని పులిహోర అంటిన చేతులతోనే చెవులు మూసుకున్నాను. అందరూ విరగబడి నవ్వారు.

"ఊరందరికెరుకైన ముచ్చట నీకొక్కదానికే ఎరుక లేదు. పెండ్లిపిల్ల లెక్క ముసుగేసుకోని కూసున్నవు," అంది ఇంకొకామె.

"ఎవరికోసం?" అంది ఎల్లమ్మ, నవ్వు ఆపి.

"మా అత్తయ్య కోసం."

ఎల్లమ్మ తన గిన్నెలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి నా ఆకులో పెట్టింది. నేను ఉల్లి తినను. ఆ పూట తిన్నాను.

మూడున్నర ప్రాంతంలో అది జరిగింది. పన్నెండు కత్తెరలూ ఒక్కసారి ఆగిపోయాయి. మేస్త్రీ ఏదో అరిచాడు, ఎవరూ కదల్లేదు. ఎల్లమ్మ ఉన్నచోటే కూలబడి కొంగు మొహాన వేసుకుంది. బాలమణి పుస్తకం ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుని చదువుతోంది, ఆమె భుజాలు కదులుతున్నాయి. ఎవరు పోయారు? ఎవరు తిరిగి వచ్చారు? ఎక్కడో మంచు దేశంలో ఎవరో రాసిన మాటకి నిజాంపేట తోటలో కూలి ఆగిపోయింది. నేను ఏమీ తెలియకుండానే కన్నీళ్ళు పెట్టుకున్నాను. యశోద నా మొహం తన వైపు తిప్పుకుని, "అటు సూడకు. కొయ్యి అక్కా, కొయ్యి," అంది. పావుగంటకి మళ్ళీ నవ్వులు. అందరూ లేచారు. కత్తెరలు రెండింతలు వేగంగా ఆడాయి.

అయిదుకి నా వరుస అయిపోయింది. అవతల పుస్తకమూ అయిపోయింది. మల్లయ్య నా బుట్ట తీసి చూసి, పైన ఒక గుత్తి ఎత్తి, "పొడి గూడ పోలే. రేపు గూడ వస్తవా అమ్మా?" అన్నాడు. నా జన్మలో అంత మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

బాలమణి పుస్తకాన్ని గుడ్డతో తుడిచి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. "అక్కా, ఒక్క ముచ్చట. కథ ఒడిసినంక కొబ్బరికాయ కొట్టాలె గదా. గా దేశపోళ్ళ పేరు అట్ట మీదున్నది. మనకు తెలుగుల చెప్పినోళ్ళ పేరు లోపలుంటదట. దీని మొదటి పేజీ మేక తిన్నది. మీ మొదటి భాగంల సూసి రాస్తవా? గా పేరు మీద కొడ్తం."

అంత చిన్న కోరిక! తప్పకుండా రాస్తానన్నాను. ఎల్లమ్మ నా సంచీలో ఒక పెద్ద గుత్తి పెట్టి, "మీ అత్తకు. కండ్లు లేకున్న నోరున్నది గదా," అంది.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి సికింద్రాబాదులో రైలు. యశోద ముందు రాత్రే నాతో మా పిన్నిగారింటి దాకా వచ్చి, పొద్దున్న స్టేషనులో నన్ను ఎక్కించి, కిటికీ దగ్గర ఇంకో చీటీ ఇచ్చింది. తర్వాత చదవాల్సిన ఎనిమిది పుస్తకాలు, వరసగా.

ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, తెరవకుండా కూర్చున్నాను. ఎదుటి సీటాయన రిటైరైన పోస్టుమాస్టరుట, బెజవాడ దాకా వెళ్తున్నారు. జనగామ దాకా ఓర్చుకుని, "మీరు చదవడం లేదు కదా, ఓసారి ఇస్తారా అమ్మా?" అన్నారు.

ఇవ్వనంటే పాపం. "ఇస్తాను గానండి, మొహం కిటికీ వైపు తిప్పుకుని చదవాలి. పైకి ఏమీ అనకూడదు," అన్నాను. కారణం చెప్పాక ఆయన చాలా గంభీరంగా ఒప్పుకుని, అటు తిరిగి మొదలుపెట్టారు. కాజీపేటలో తల ఇటు తిప్పకుండానే అడిగారు: "ఈ స్తెపాన్ ఎవరమ్మా?" ఆయనకి మొదలు తెలియదు, నాకు చివర తెలియదు. కాజీపేట నుంచి డోర్నకల్లు దాకా మొదటి భాగం నేను చెప్పాను. చెప్పినందుకు బదులు చెప్పలేక ఆయన పడ్డ అవస్థ చూడాల్సిందే. బెజవాడలో దిగుతూ, "అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. నేనేమీ అనలేదని కూడా చెప్పండి," అన్నారు.

సాయంత్రం అయిదుకి ఇంట్లో ఉన్నాను. అత్తయ్య నా అడుగు చప్పుడు విని, "తెరిచావా?" అన్నారు.

"లేదత్తయ్యా."

"గొంతు బాగానే ఉంది," అని తృప్తిపడ్డారు. స్నానం చేసి, దీపం పెట్టి, రెండో భాగం మొదటి పేజీ చదివాను. ఇద్దరం ఒకేసారి విన్నాం. ఆ పూట అత్తయ్య మారు అన్నం పెట్టించుకున్నారు, పైన నిజాంపేట ద్రాక్షపళ్ళు కూడా. అంతకంటే నేను చెప్పను. మర్నాడు నేను పుస్తకం తీస్తే, "రోజుకి రెండు పేజీలు చాలు. తొందరేముంది?" అన్నారు.

మొదటి రాత్రే, మాట ప్రకారం పేరు చూద్దామని మొదటి భాగం తెరిచాను. అట్ట తర్వాతి పేజీ. నేను బోరబండలో భక్తిగా రాసిన పసుపు, దాని మీద కుంకుమ, ఏడేళ్ళ దీపం నూనె మరకలతో సహా, సరిగ్గా చిన్నక్షరాల్లో ఆ పేరు ఉన్నచోటే గట్టిగా అంటుకుని ఉంది. తడిగుడ్డతో అద్దాను, కాగితమే ఊడి వచ్చింది. ఒక్క అక్షరం మిగల్లేదు. మంచులో కూర్చుని మా వంటింటి మాటల్లో ఆ కథ మాకు చెప్పిన మనిషిని, నా చేతులతో, పూజ చేస్తూ చెరిపేశాను. పండు మీది పొడి చెరగకుండా కోసిన దాన్ని, ఇది చెరిపాను.

బాలమణికి దాచకుండా అంతా రాశాను. పది రోజులకి కార్డు వచ్చింది. "అక్కా, పరేషాన్ గాకు. 'మాకు తెలుగుల చెప్పినోళ్ళకు' అని మొక్కి కొబ్బరికాయ కొట్టినం. ఎల్లమ్మ సగం చిప్ప మీ అత్తకని పక్కకు పెట్టింది, చీమలు తిన్నయి."

ఇది రాస్తున్నప్పటికి అత్తయ్య నూట నలభయ్యో పేజీలో ఉన్నారు. డాక్టరు ఆశ్చర్యపోతున్నాడు. నానక్‌రామ్‌గూడ వెళ్ళాలనుకునే వాళ్ళు వచ్చే ఏడు ఎండలు ముదరకముందే వెళ్ళండి, రంగనాయకస్వామిని చూడండి, నిజాంపేటలో ద్రాక్ష తినండి. ఇంటికి వచ్చాక, మీ దగ్గర ఆ దేశపు పుస్తకం ఏదైనా ఉంటే, అట్ట తర్వాతి పేజీ తీయండి. కింద చిన్నక్షరాల్లో, తెలుగులో చెప్పినవారి పేరు ఉంటుంది. ఒక్కసారి పైకి చదివి తలుచుకోండి. మీ దీపం దగ్గర ఆ పేరు వినబడితే, మా ఇంట్లో పసుపు కింద ఉన్న మనిషికి కూడా అందుతుందని నా నమ్మకం.